మూతపడ్డ ఊరి కాఫీ హోటల్ని మళ్ళీ తెరవాలంటే

భీమవరం, పాలకొల్లు, అమలాపురం, రామచంద్రపురం, మన గోదావరి డెల్టాలో ఏ టౌనుకెళ్ళినా పాత బస్టాండు పక్కనో కాలవ గట్టు మీదో ఒక బంగాళా పెంకుల హోటలు కనపడుతుంది. చెక్క తలుపులకి తాళం ఉంటుంది, బోర్డు మీద సగం అక్షరాలు రాలిపోయి ఉంటాయి, అరుగు మీద ఎవరో బజ్జీల బండి పెట్టుకుని ఉంటారు. సెలవలకి అమెరికా నుంచి వచ్చిన మనవడో, రిటైరైన మాస్టారో, ఊళ్ళోనే ఉన్న నలుగురు కుర్రాళ్ళో దాన్ని చూసి 'దీన్ని మళ్ళీ నడిపిస్తే భలే ఉంటుంది కదా' అనుకుంటారు. అనుకున్న మర్నాడే ఇంటీరియర్ డిజైనర్‌కి ఫోను కొడతారు. ఆ ఫోను కొన్నాళ్ళు ఆపండి, దానికంటే ముందు చాలా పనులున్నాయి.

ఇంగ్లండులో ఊరి పబ్బు మూతపడే పరిస్థితి వస్తే ఊరివాళ్ళే తలా కొంత వేసుకుని కొనేసిన సందర్భాలున్నాయి. కంబ్రియా వైపు హెస్కెట్ న్యూమార్కెట్ అనే చిన్న పల్లెవాళ్ళు ఓల్డ్ క్రౌన్ అనే తమ పబ్బుని 2003లో అలాగే సహకార సంఘం పెట్టి కొనుక్కున్నారు. మన దగ్గర ఆ పబ్బు చేసే పని కాఫీ హోటలు చేసింది. కల్లు పాక ఉందిగా అంటారేమో. ఉంది, దాని చరిత్ర దానికుంది, కానీ పొద్దున్నే ఐదింటికి ధాన్యం కమీషన్ ఏజెంటూ, ప్లీడరు గారూ, కొబ్బరి దింపు కార్మికుడూ, బస్సు డ్రైవరూ ఒకే చూరు కిందకి వచ్చే చోటు మాత్రం హోటలే. ఒకే చూరు అన్నాను, ఒకే బెంచీ అనలేదు. ఆ సంగతి కిందకి వస్తుంది.

ముందు కాగితాలు

పాత హోటలు మూతపడటానికి అందరూ చెప్పే కారణం 'పిల్లలు హైదరాబాదు వెళ్ళిపోయారండీ' అని. అది నిజమే. కానీ తాళం అలాగే ఉండిపోవడానికి కారణం ఎక్కువసార్లు వాటాల తగాదా. పెద్దాయన పోయాక ఆస్తి నలుగురైదుగురి పేర్ల మీదకి వచ్చి ఉంటుంది, అందులో ఒకరు బెంగళూరు, ఒకరు డల్లాస్, ఒకరితో మిగతా వాళ్ళకి మాటల్లేవు. ఊళ్ళో ఉన్న వారసుడు మాత్రం మీరు అడగ్గానే 'ఆయ్, దానికేముందండి, తీస్కోండి, మన హోటలే కదా' అంటాడు. చాలా మంచివాడు. ఆయన మాట మీద పెయింటు డబ్బా కూడా కొనకండి.

రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీయించండి, అంటే ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలూ తాకట్లూ చూపించే కాగితం. మున్సిపాలిటీలో ఇంటి పన్ను ఎవరి పేరున కడుతున్నారో చూడండి. వారసులందరి సంతకాలతో లీజు రాయించుకోండి, బయటి దేశంలో ఉన్నవాళ్ళు ఉంటే వాళ్ళ పవర్ ఆఫ్ అటార్నీ తెప్పించుకోండి. ఏడాది దాటిన లీజుకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, అందుకే అందరూ పదకొండు నెలల అగ్రిమెంటుతో సరిపెట్టేస్తుంటారు. అద్దె ఇంటికి అది చాలు. దూలాలు మార్చి, వంటిల్లు కట్టి, లక్షలు పోసే చోటికి చాలదు, ఎందుకంటే హోటలు బాగా నడుస్తోందని తెలిసిన రోజునే డల్లాస్‌లో ఉన్న వారసుడికి కూడా ఊరి మీద ప్రేమ పుట్టుకొస్తుంది. కనీసం తొమ్మిదేళ్ళకి రాయించుకోండి, అద్దె ఏటా ఎంత పెరుగుతుందో కూడా అందులోనే ఉండాలి.

చరిత్ర ఎవర్ని అడగాలి

దీన్ని చాలామంది గోడ మీద ఫొటోలు తగిలించే పని అనుకుంటారు. నా లెక్కలో అసలు పని ఇదే, వంటిల్లు కూడా దీని తర్వాతే, ఎందుకంటే ఆ హోటలు ఎందుకు నడిచిందో తెలియకుండా మళ్ళీ నడపలేరు.

పెద్ద బొమ్మ కొంత అందరికీ ఒకటే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవలొచ్చాయి, కాలవలతో పాటు పడవ ప్రయాణమూ వచ్చింది. కాకినాడ, రాజమండ్రి, ఏలూరు, నరసాపురం అన్నీ నీళ్ళ మీదే కలిశాయి. లాకు దగ్గర పడవ ఆగాలి, నీళ్ళు నిండేదాకా తలుపులు తెరవరు, ఆ కాసేపు జనం గట్టెక్కి కాళ్ళు చాపుకుంటారు. అలా లాకులూ రేవులూ ఉన్నచోట జనం పోగయ్యేవారు. మొదట్లో వాళ్ళకి తిండి పెట్టింది సత్రాలూ, అన్నదాతలూ. లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారు (1841–1909) ఏ వేళప్పుడు వచ్చినవాళ్ళకైనా అన్నం పెట్టిన ప్రాంతం ఇది. అన్నం అమ్ముకోవడం తప్పనుకునే చోట డబ్బు తీసుకుని టిఫిను పెట్టే హోటలు అంత తేలిగ్గా నిలదొక్కుకోలేదు. దాన్ని నిలబెట్టింది కాఫీ అని నేననుకుంటాను. అన్నం అమ్మితే నామోషీ గానీ కాఫీ అమ్మితే ఎవరేమంటారు? ఆ కాఫీ పక్కనే మెల్లగా ఇడ్లీ, ఉప్మా, పెసరట్టు వచ్చి కూర్చున్నాయి. తర్వాత రైలూ బస్సూ వచ్చి పడవల్ని తినేశాయి, హోటళ్ళు రేవు నుంచి బస్టాండుకి మారాయి, వంతెనలు పడ్డాక పంటు (జనాన్నీ బళ్ళనీ ఏరు దాటించే పెద్ద పడవ) కోసం ఆగే జనం కూడా తగ్గారు. నరసాపురం–సఖినేటిపల్లి రేవు లాంటి చోట పంటు దిగి కాఫీ కొట్టు వెతుక్కునే జనాన్ని చూస్తే పాత లెక్క ఇప్పటికీ అర్థమవుతుంది.

ఇది పుస్తకాల్లో దొరికే భాగం. మీ హోటలు సంగతి మాత్రం మనుషుల్ని అడిగే తెలుసుకోవాలి. ఓనరు కుటుంబాన్ని అడగండి, కానీ వాళ్ళ దగ్గరే ఆగిపోకండి. అక్కడ పనిచేసిన సర్వర్లు, అంట్లు తోమినవాళ్ళు, పాలు పోసినవాళ్ళు, పుల్లలు తెచ్చి పడేసిన బండివాళ్ళు, వాళ్ళ పిల్లలు, అందరి దగ్గరికీ వెళ్ళండి. 'హోటలు ఎలా ఉండేదండీ?' అని అడిగితే 'అబ్బో, ఆ రోజులే వేరు' అంటారు, అక్కడితో అయిపోతుంది. 'తాతగారూ, మీరు ఎక్కడ కూర్చునేవారండీ?' అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నకి వచ్చే జవాబులు వేరే ప్రశ్నలకి రావు.

ఎందుకంటే అందరూ కూర్చునేవారు కాదు. మద్రాసు రాజధాని రోజుల్లో చాలా హోటళ్ళలో బ్రాహ్మలకి లోపలి గది ఉండేది, మిగతా కులాలకి ముందు హాలు. దళితులకి లోపలికి అడుగుపెట్టే వీలే ఉండేది కాదు, బయట నిలబడి వేరే గ్లాసులో తాగి, ఆ గ్లాసు తామే కడిగి బోర్లించి వెళ్ళాలి. దుకాణాల్లోకీ హోటళ్ళలోకీ కులం పేరుతో ఎవర్నీ రానివ్వకపోవడం కుదరదని 1950లో రాజ్యాంగం 15వ అధికరణంలో రాసుకున్నాం, 1955లో అస్పృశ్యత నేరాల చట్టం వచ్చింది, అయినా రెండు గ్లాసుల పద్ధతి చాలా ఊళ్ళలో ఆ తర్వాత కూడా పోలేదు. కాబట్టి దళితుల పేటలో ఉన్న పెద్దవాళ్ళ దగ్గర 'మా ఊరి పాత హోటలు' అనగానే మొహంలో వేరే రంగు కనపడితే ఆశ్చర్యపోకండి. ఓనరు మనవడికి స్వర్ణయుగం అయినది ఆయనకి ఎండలో నిలబడి తాగిన కాఫీ. ఆడవాళ్ళ సంగతీ అంతే, కర్టెను వేసిన ఫ్యామిలీ రూము ఉంటే అదృష్టం, లేకపోతే పార్శిలే.

ఇవన్నీ రాసుకోండి, ఫోన్లో రికార్డు చేసుకోండి, వాళ్ళు ఒప్పుకుంటేనే. గోడ మీద చరిత్ర రాయాలనుకుంటే ఈ గ్లాసు సంగతి కూడా రాయండి. రాయలేకపోతే అసలు ఏమీ రాయకండి, సగం చరిత్ర కంటే ఖాళీ గోడ నయం.

బిల్డింగు

తాళం తీసిన రోజు ఊడ్చేయమని కూలీల్ని పురమాయించకండి. ముందు ఫొటోలు తీసుకుని, ఉన్న వస్తువులన్నీ ఒక పుస్తకంలో రాసుకోండి. పాత హోటళ్ళకి ముందువైపు మామూలు తలుపులుండవు, నిలువు చెక్క పలకలుంటాయి. కిందా పైనా గాడిలో ఒక్కొక్కటే జరిపి వరసగా నిలబెట్టి, చివరి పలకకి గెడ వేసి తాళం పెడతారు. పలక వెనక వైపు చేత్తో తడిమి చూస్తే ౧, ౨, ౩ అని తెలుగు అంకెలు ఉలితో చెక్కి ఉండచ్చు, ఏ పలక ఎక్కడిదో చీకట్లో కూడా తెలియడానికి. అలాంటివి కనపడితే వాటిని తీసేసి రోలింగ్ షట్టర్ పెట్టకండి. మధ్యలో ఒక్క పలక చెద తినేసి ఉంటే ఆ ఒక్కటే టేకుతో చేయించండి, వడ్రంగి 'మొత్తం మార్చేద్దామండీ, ఖర్చు తేడా ఏం రాదు' అంటాడు, వినకండి.

గోడల దగ్గర మరీ జాగ్రత్త. పాత గోడలు గానుగ సున్నంతో కట్టినవి. మన నేలలో చెమ్మ ఎప్పుడూ ఉంటుంది, సున్నం గోడ దాన్ని పీల్చుకుని మళ్ళీ గాలికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు ప్లాస్టరింగ్ చేసి, పుట్టీ పెట్టి, ప్లాస్టిక్ పెయింటు వేశారో, చెమ్మ బయటకి పోయే దారి మూసుకుపోయి ఒకటి రెండు వర్షాకాలాలు తిరిగేసరికి నడుమెత్తు దాకా ఉప్పు పొంగి పెచ్చులూడిపోతాయి. అప్పుడు పెయింటు కంపెనీని తిట్టి లాభం లేదు. సున్నం పనే చేయించండి, పైన వెల్ల వేయించండి. సున్నం పని తెలిసిన మేస్త్రీలు తక్కువైపోయారు, పాత గుళ్ళ మరమ్మతులు చేసేవాళ్ళని వాకబు చేస్తే దొరుకుతారు.

పెంకులు దింపి, పగిలినవి మార్చి, వాసాలు చూసుకుని మళ్ళీ ఎక్కించాలి. పడగొట్టిన ఇళ్ళ నుంచి వచ్చిన పాత పెంకులు కొనుక్కోవచ్చు. గచ్చు నల్లదో ఎర్రదో ఉంటే దాన్ని టైల్స్‌తో కప్పేయకండి, నూనె పెట్టి తుడిస్తే వారంలో మెరుపొస్తుంది. బోర్డు ఫ్లెక్సీ వద్దు, చేత్తో రాసే ఆర్టిస్టుని పట్టుకుని పాత అక్షరాల జాడ మీదే మళ్ళీ రాయించండి. వంటింటి డ్రెయిను మాత్రం పాతది ఉంచొద్దు, జిడ్డు పట్టే గుంట కట్టించి కొత్తగా వేయించండి. హోటలు ఏటిగట్టుకి దగ్గరైతే ఇంకొక్క మాట: 1986 ఆగస్టు వరద నీళ్ళు ఆ గోడ మీద ఎంతవరకు వచ్చాయో పక్కింటి పెద్దవాళ్ళని అడిగి, స్టోరు రూములో పప్పూ బియ్యం పెట్టే అటకా, కరెంటు బోర్డూ ఆ గీత పైన ఉండేలా చూసుకోండి.

కాఫీ

హోటలు పేరు నిలబడేదీ పోయేదీ దీనితోనే. మెనూ నెమ్మదిగా పెంచుకోవచ్చు, కాఫీ మాత్రం మొదటి రోజు నుంచి బాగుండాలి.

నీళ్ళ దగ్గర మొదలుపెట్టండి. సముద్రం దగ్గరయ్యేకొద్దీ మన బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, ఆ నీళ్ళతో ఎంత మంచి పొడి వేసినా డికాషన్ దిగదు. మున్సిపల్ నీళ్ళు బాగానే ఉంటాయి, కానీ వేసవిలో కాలవలు కట్టేశాక చెరువుల్లో నిలవ నీళ్ళే దిక్కు, రంగూ వాసనా మారతాయి. కాబట్టి కాఫీకి వాడే నీళ్ళకి ఏడాది పొడుగునా ఒకేలా ఉండే ఏర్పాటు చేసుకోండి, ఫిల్టరు పెట్టుకుంటారో క్యాన్లు తెప్పించుకుంటారో మీ ఇష్టం.

పొడి విషయంలో చికోరీ (కాఫీ పొడిలో కలిపే ఒక వేరు పొడి) అనగానే మొహం చిట్లించకండి. చట్టం ప్రకారం కాఫీ–చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, అంటే సగం దాకా చికోరీయే ఉన్న పొడి కూడా బజారులో దర్జాగా దొరుకుతుంది. అంత వద్దు, ఇరవై శాతం దగ్గర మొదలుపెట్టండి. ఒట్టి అరబికా రకం గింజ పెడితే గేదె పాల చిక్కదనంలో తేలిపోతుంది, ఘాటుగా ఉండే రోబస్టా రకం కొంచెం, చికోరీ కొంచెం పడితేనే పాలని తట్టుకుంటుంది. గింజలు మన అరకువి తెప్పించుకోవచ్చు, అరకు అరబికాకి 2019లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. గింజ తెచ్చి ఏ రోజుకారోజు మర పట్టించుకోగలిగితే వీధి చివరికి వాసన పోతుంది, అంతకంటే పబ్లిసిటీ అక్కర్లేదు.

హోటలు డికాషన్‌కి ఇంట్లో వాడే చిన్న ఫిల్టరు పనికిరాదు. పెద్ద ఇత్తడి ఫిల్టరో, గిన్నె మీద వేలాడదీసిన నూలు గుడ్డ సంచో కావాలి. వంద గ్రాముల పొడికి అర లీటరు నీళ్ళు. నీళ్ళు తెర్లాక దించి, బుడగలు అణిగేదాకా ఆగి, ముందు పొడి తడిసేంత మాత్రమే పోయండి. పొడి పైకి పొంగి, పగుళ్ళు విచ్చి, మళ్ళీ కిందకి కూర్చుంటుంది. అప్పుడు మిగతా నీళ్ళు సన్నటి ధారగా, చుట్టూ తిప్పుతూ. గరిటెతో కలపకూడదు, సంచిని పిండకూడదు, పిండితే చేదు దిగుతుంది. దిగిన డికాషన్‌ని పొయ్యి మీద మళ్ళీ కాచకండి, వేణ్ణీళ్ళ గిన్నెలో నిలబెట్టండి చాలు. రెండు గంటలు దాటితే పారబోసేయండి, లేదా రెండో డికాషన్‌తో కలిపి కుర్రాళ్ళకి లైట్ కాఫీ ఇవ్వండి, కానీ పొద్దున్న ఆరింటికి వచ్చే పెద్దాయనకి మాత్రం అది పెట్టకండి, ఆయన ఏమీ అనడు, రేపటి నుంచి రాడంతే.

పాలు నీళ్ళు కలపనివి. లీటరు పాలకి పది పన్నెండు కాఫీలు రావాలి, పదిహేను వస్తున్నాయంటే ఎక్కడో తేడా ఉన్నట్టే. గ్లాసూ గిన్నే స్టీలువే పెట్టండి. అందరికీ ఒకే రకం గ్లాసు. పేపరు కప్పులు పార్శిలుకి మాత్రమే, ఎందుకంటే 'వేరే గ్లాసు' అన్నది మన ఊళ్ళలో ఏమిటో పైన చెప్పాను కదా.

టిఫిన్లు

యాభై రకాలు బోర్డు మీద రాయకండి. నూడుల్సూ మంచూరియా బయట బళ్ళ మీద బోలెడు దొరుకుతాయి, వాటితో పోటీ మీకెందుకు. నాలుగైదు వస్తువులు, అన్నీ ఈ గడ్డవి, అంతే.

ఉప్మా పెసరట్టు ఉండి తీరాలి. పొట్టు పెసలు నాలుగైదు గంటలు నానితే చాలు. కిలో పెసలకి గుప్పెడు బియ్యం, అల్లం, పచ్చిమిర్చి వేసి రుబ్బి, రుబ్బిన పిండి రుబ్బినట్టే వాడేయాలి, ఇది ఇడ్లీ పిండి కాదు, పులిస్తే పోయింది. దళసరి ఇనప పెనం, దాని మీద సగం కోసిన ఉల్లిపాయతో నూనె రాసి, పలచగా తిప్పి, లోపల పెట్టే ఉప్మా కాస్త జారుగా ఉండాలి. గట్టి ఉప్మా పెడితే పెసరట్టు విరిగిపోతుంది. బెల్లం పడిన అల్లం పచ్చడి తప్ప పక్కన ఇంకేం అక్కర్లేదు, సాంబారు పోసి పాడుచేసే ఆచారం మీరు మొదలుపెట్టకండి.

మినప రొట్టె, అదే దిబ్బరొట్టె, సాయంత్రం పెట్టండి. మినప్పప్పు ఒక వంతు, ఇడ్లీ రవ్వ రెండు వంతులు. దళసరి మూకుట్లో నూనె కాగాక రెండంగుళాల మందాన పిండి వేసి, మూత పెట్టి, సన్న సెగ మీద ఓపిగ్గా. కోనసీమ వైపైతే కొబ్బరి చిప్పల నిప్పులు మూత మీద కూడా వేస్తే పైనా కిందా ఎర్రటి పెళుసు అంచు వస్తుంది, గ్యాసు మీద అది రాదు. చెరకు పానకంతో ఇస్తే పిల్లలు వదలరు. ఒక్కో రొట్టెకి పావుగంట పైన పడుతుంది కాబట్టి నాలుగు మూకుళ్ళు ఉంటేనే బోర్డు మీద రాయండి.

అంబాజీపేట పొట్టిక్కలు కూడా చేయొచ్చు. పిండి ఇడ్లీదే, పనసాకులు నాలుగు చీపురు పుల్లలతో బుట్టలా కుట్టి అందులో పోసి ఆవిరికి పెడతారు, ఆకు వాసనే దాని రుచి. పిండి పని వంట మాస్టారిది, బుట్టలు కుట్టే పని మాత్రం ఇంటి దగ్గరుండే ఆడవాళ్ళకి బుట్టకింత అని ఇవ్వండి.

మాస్టారంటే గుర్తొచ్చింది. ఇవాళ హోటలు పెట్టేవాళ్ళకి అసలు టెన్షన్ డబ్బు కాదు, వంట మాస్టారు. పాత మాస్టారు బతికుంటే వెళ్ళి పిలవండి, వండమని కాదు, ఇద్దరు కుర్రాళ్ళకి చేయి తిప్పడం నేర్పమని, దానికి జీతం ఇవ్వండి. ఒక్క మాస్టారి మీదే హోటలు నడిపితే ఆయన అత్తగారి ఊరు వెళ్ళిన రోజు మీరు తాళం వేసుకోవాలి. కొలతలన్నీ కిలోల్లో, లీటర్లలో గోడ మీద రాసి పెట్టండి.

బెంచీలు

జనం కాఫీకి వస్తారు, మాటలకి ఉండిపోతారు. కాబట్టి కూర్చునే ఏర్పాటు మాటలకి వీలుగా ఉండాలి. ఇద్దరిద్దరు కూర్చునే చిన్న టేబుళ్ళు కాదు, ఆరుగురు పట్టే పొడవాటి బల్లలూ బెంచీలూ వేయండి, తెలియని మనిషి పక్కన కూర్చోక తప్పదు, రొయ్యల రైతు 'ఇవాళ ముప్పై కౌంటు (కిలోకి ముప్పై తూగే రొయ్య) ఎంత పలికిందండీ?' అని అడగకుండా ఉండలేడు. టీవీ పెట్టకండి. న్యూస్ చానెల్ పెడితే అందరూ మెడలెత్తి దాన్నే చూస్తారు, లేదా పార్టీల గొడవలొస్తాయి. పేపర్లు మూడు నాలుగు వేయించండి, షీట్లు విడదీసి పెడితే ఒక్క పేపరు నలుగురు చదువుతారు.

'ఇక్కడ రాజకీయాలు మాట్లాడరాదు' అనే బోర్డు కొన్ని హోటళ్ళలో కనపడుతుంది. మీరు పెట్టకండి, మాట్లాడనివ్వండి, అరుపులు మొదలైతే గల్లా దగ్గర కూర్చున్నవాళ్ళు 'బాబాయ్ గారూ, ఇంకో కాఫీ చెప్పమంటారా?' అంటే చాలు.

లోపలి గది ఉంటే దానికీ ముందు హాలుకీ మధ్య ఉన్న తలుపు తీసేయండి. ఏసీ గది అని పేరు పెట్టి కాఫీకి వేరే రేటు వేశారంటే పాత లోపలి గదే మళ్ళీ తెరిచినట్టు. ఆడవాళ్ళు రావాలంటే కర్టెను వద్దు, శుభ్రమైన బాత్రూమూ, గడియ సరిగ్గా పడే తలుపూ కావాలి. సర్వర్లలో, గల్లా దగ్గర ఆడవాళ్ళుంటే ఇంకా మంచిది. పేట నుంచి కూడా మనుషుల్ని పనిలో పెట్టుకోండి, అంట్ల దగ్గర కాదు, వంటింట్లోనూ గల్లా దగ్గరా. దీనికి ఊళ్ళో ఒకరిద్దరు ముఖం ముడుచుకుంటే ముడుచుకోనివ్వండి.

రేటు సంగతి: ఊళ్ళో బండి మీద కాఫీ ఎంతకి దొరుకుతుందో దానికి ఐదు రూపాయల కంటే ఎక్కువ పెట్టకండి. హెరిటేజ్ అని చెప్పి వంద రూపాయలు పెడితే మొదటి నెల రీల్సు తీసుకునేవాళ్ళు వస్తారు, రెండో నెల వాళ్ళూ రారు, ఊరివాళ్ళు ముందే రారు. అరువు ఖాతా పాత హోటళ్ళన్నిట్లో ఉండేది, సగం హోటళ్ళు దాంతోనే మునిగాయి కూడా. నెలకి ముందే డబ్బు కట్టి కూపన్ల పుస్తకం తీసుకునే పద్ధతి పెట్టండి.

డబ్బూ లైసెన్సులూ

ఒక్కరే పెట్టుబడి పెట్టగలిగితే సరే. ఊరి తరఫున చేయాలనుకుంటే మన దగ్గర దారి ఉంది: 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం, జనం మ్యాక్స్ చట్టం అంటారు. వేర్వేరు కుటుంబాల నుంచి కనీసం పదిమంది ఉంటే సంఘం పెట్టొచ్చు, ఎంత వాటా ఉన్నా మనిషికి ఒకటే ఓటు. ఇలాంటిది నడవదనేవాళ్ళకి ఇండియన్ కాఫీ హౌస్ సంగతి చెప్పండి. కాఫీ బోర్డు 1950ల్లో తన కాఫీ హౌసుల్ని మూసేస్తుంటే, ఉద్యోగాలు పోయిన సర్వర్లూ వంటవాళ్ళూ కేరళ కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె. గోపాలన్ ప్రోత్సాహంతో సహకార సంఘాలు పెట్టుకుని 1957 నుంచి తామే నడుపుకున్నారు, వాటిలో చాలా కాఫీ హౌసులు ఇప్పటికీ నడుస్తున్నాయి. అయితే సంఘం ఎంత మందిదైనా రోజువారీ నిర్ణయాలు ఒక్కరి చేతిలో ఉండాలి, పచ్చడిలో ఉప్పు ఎంతన్నది మీటింగులో తేల్చలేం.

కాగితాలు తొందరగా చెప్పేస్తాను. ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషనో లైసెన్సో టర్నోవరుని బట్టి, పద్నాలుగు అంకెల నంబరు వస్తుంది, కనపడేలా పెట్టాలి. మున్సిపాలిటీ లేదా పంచాయతీ ట్రేడ్ లైసెన్సు, లేబర్ డిపార్టుమెంటులో షాపు రిజిస్ట్రేషను, కరెంటు మీటరు కమర్షియల్ కేటగిరీకి మార్పించడం. ఏడాది అమ్మకం ఇరవై లక్షలు దాటుతుందనుకుంటే జీఎస్టీ. గ్యాసు 19 కిలోల కమర్షియల్ సిలిండరే, ఇంటి సిలిండరుతో దొరికిపోతే మొదటి నెల లాభం ఫైనుకే పోతుంది. సిలిండర్లు బయట జాలీ గదిలో ఉండాలి, పెంకుల కప్పూ పాత కర్రా ఉన్న చోట ఇది మరీ ముఖ్యం.

ఎప్పుడు తెరవాలి

వేసవిలో వద్దు, నీళ్ళ బాధ. జూలై, ఆగస్టుల్లో వద్దు, వరద భయం ఒకటి, నాట్ల పనుల్లో జనానికి తీరికుండదు ఇంకొకటి. కార్తీక మాసం బాగుంటుందని చాలామంది చెబుతారు, పంచారామాల బస్సులు ద్రాక్షారామం, సామర్లకోట, పాలకొల్లు, భీమవరం తిరుగుతుంటాయి కదా, గిరాకీ దానంతటదే వస్తుందని. గిరాకీ వస్తుంది, నిజమే. కానీ కొత్త వంటింటి మీద ఒకేసారి యాభై మంది దిగితే చేతులు తిరగని కుర్రాళ్ళు చేతులెత్తేస్తారు, ఊరివాళ్ళకి బల్ల దొరకదు, కార్తీకం ముగిసి పోలి స్వర్గం అయిపోయిన మర్నాడు హోటలు ఖాళీ.

మార్గశిరంలో తెరవండి. చలి ఉంటుంది, కాఫీ తాగబుద్ధేస్తుంది, మాసూళ్ళు (పంట నూర్పిళ్ళు) అవుతుంటాయి కాబట్టి చేతిలో డబ్బు ఆడుతుంది. మొదటి వారం కాఫీ, ఇడ్లీ మాత్రమే పెట్టి, పొద్దున్న పదింటికి మూసేయండి. తర్వాత ఒక్కొక్కటీ కలుపుకుంటూ వెళ్తే సంక్రాంతికి వంటిల్లు గాడిలో పడుతుంది. ఆ మూడు రోజులూ ఊరు ఊరంతా ఇంటికొస్తుంది, కోడిపందాల నుంచి తిరిగొచ్చేవాళ్ళు రాత్రి పదకొండింటికి కూడా కాఫీ అడుగుతారు, సరిగ్గా అదే మూడు రోజులు మీ పనివాళ్ళు కూడా పండక్కి ఇంటికెళ్తామంటారు. ఎవరు ఏ రోజు వెళ్ళాలో, ఉన్నవాళ్ళకి ఎంత ఎక్కువ ఇవ్వాలో డిసెంబరులోనే మాట్లాడుకుని పెట్టుకోండి, పాలవాడితో కూడా.